పాట కోసం ఊరు దాటితే తప్పా?

ఆడవాళ్లు ప్రయాణం పెట్టుకోవాలంటే మన ఇళ్లల్లో ముందు ఒక కారణం చూపించాలి. బంధువుల పెళ్లయితే సరే. కూతురి పురుడైతే మరీ మంచిది. తిరుపతికో షిర్డీకో అంటే అడ్డు చెప్పేవాళ్లే ఉండరు. పైగా 'మా పేరున కూడా ఓ దణ్ణం పెట్టి రా' అని హుండీలో వెయ్యడానికి డబ్బులిచ్చి మరీ పంపుతారు. అదే, 'నాకు ఫలానా వాళ్ల పాటంటే ఇష్టం, విని వద్దామని వెళ్తున్నాను' అని చెప్పి చూడండి. ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. 'ఫోన్లో వస్తుంది కదా, ఇంట్లో కూర్చుని వినొచ్చుగా' అంటారు.

ఈమధ్య మా స్నేహితురాలికి సరిగ్గా ఇదే బాధ వచ్చింది. ఆవిడ కూతురు అమెరికాలో, న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తోంది. పెళ్లయి నాలుగేళ్లు. ఆ అమ్మాయి మొన్న వేసవిలో సెలవు పెట్టి, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి కారులో న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌కి వెళ్లింది. అక్కడ 'ఫిష్' అనే బృందం వరసగా మూడు రాత్రులు కచేరీ చేస్తే మూడు రాత్రులూ విని వచ్చింది. "ఒక రాత్రి విన్నది చాలదటే? నిన్న పాడినవాళ్లనే ఇవాళ మళ్లీ వినాలా? మొగుణ్ణి ఇంట్లో వదిలేసి ఈ తిరుగుళ్లేమిటి? నీ మాటంటే దానికి గౌరవం, నువ్వైనా చెప్పవే" అంది మా స్నేహితురాలు. నేను చెప్పనన్నాను.

ఒక రాత్రి చాలదా అన్నదానికి జవాబు ఆ సంగీతంలోనే ఉంది. ఇలాంటి బృందాలని అక్కడ జామ్ బ్యాండ్లు అంటారు. వీళ్లు రికార్డులో ఉన్న పాటని ఉన్నట్టు అప్పజెప్పరు. పాట ఎత్తుకుని, మధ్యలో దాన్ని వదిలి, ఒకరి వాయిద్యం ఒకరు వింటూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మన కచేరీల్లో రాగాలాపన, కల్పనస్వరాలు తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. ఒకే విద్వాంసుడు ఒకే కల్యాణి రాగాన్ని నిన్న పాడినట్టు ఇవాళ పాడడు కదా!

ఈ పద్ధతికి ఆద్యులుగా చెప్పుకునేది కాలిఫోర్నియాలో 1965లో మొదలైన 'గ్రేట్‌ఫుల్ డెడ్' బృందాన్ని. ముప్ఫయ్యేళ్లలో రెండువేల మూడువందలకి పైగా కచేరీలు చేశారు. వాళ్ల 'డార్క్ స్టార్' పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. 1969లో వెలువడిన కచేరీ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలుంది. మా స్నేహితురాలి కూతురు విన్న ఫిష్ బృందం 1983లో వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టింది. 2017లో వీళ్లు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు కచేరీ చేశారు. మొత్తం 237 పాటలు పాడారు. పాడిన పాట మళ్లీ పాడలేదు. ఇప్పుడు చెప్పండి, ఒక రాత్రి విని వచ్చినావిడ అంతా విన్నట్టేనా?

ఇంత వైవిధ్యం ఉంది కాబట్టే అభిమానులు బృందం వెంట ఊరి నుంచి ఊరికి ప్రయాణం కట్టారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులకి 'డెడ్‌హెడ్స్' అని పేరే పడిపోయింది. పాత వ్యాన్లలో దుప్పట్లు, గిన్నెలు వేసుకుని వారాల తరబడి తిరిగేవాళ్లు. టికెట్ల కోసం మనియార్డరు జతచేసి ఉత్తరం రాయాలి. 1983 నుంచి ఆ బృందమే అలా టికెట్లు అమ్మింది. అభిమానులు ఆ కవర్ల మీద రంగురంగుల బొమ్మలు వేసి పంపేవాళ్లు, మనం సంక్రాంతి ముగ్గు వేసినంత శ్రద్ధగా. టికెట్ దొరకనివాళ్లు మైదానం బయట ఒక వేలు పైకెత్తి నిలబడేవాళ్లు. ఎవరి దగ్గరన్నా అదనంగా ఒకటుంటే ఇవ్వమని దానర్థం.

నాకు బాగా నచ్చిన విషయం కార్లు ఆపుకునే స్థలంలో వెలిసే సంత. దానికి 'షేక్‌డౌన్ స్ట్రీట్' అని బృందం ఆల్బమ్ పేరే పెట్టుకున్నారు. పెనం మీద కాల్చిన చీజ్ శాండ్‌విచ్‌లు, పూసల దండలు, గుడ్డకి ముడులు కట్టి రంగులద్దిన చొక్కాలు, ముక్కలు కలిపి కుట్టిన పావడాలు అక్కడ అమ్మకానికి ఉంటాయి. వచ్చిన డబ్బు పెట్రోలుకీ, తర్వాతి ఊళ్లో టికెట్‌కీ సరిపెట్టుకునేవాళ్లు ఎందరో. వంటా, కుట్టూ మనం రోజూ చేసేవే. మన ఇళ్లల్లో వాటికి లెక్కాజమా లేదు. అక్కడ అదే పెనం, అదే సూది ఒక మనిషిని తనకిష్టమైన చోటికి తీసుకెళ్తున్నాయి.

ఇదంతా పనీపాటా లేనివాళ్ల వ్యవహారం అనుకోకండి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో సోషియాలజీ ఆచార్యురాలు రెబెకా ఆడమ్స్ 1989 వేసవిలో తన విద్యార్థుల్ని ఈ కచేరీ యాత్రకి తీసుకెళ్లి, అక్కడి మనుషులు ఎలా ఒక సమాజంగా బతుకుతున్నారో అధ్యయనం చేయించారు.

అలాగే బెట్టీ కాంటర్ జాక్సన్ అనే సౌండ్ ఇంజినీరు సంగతి. గ్రేట్‌ఫుల్ డెడ్‌తో ఊరూరా తిరిగి కచేరీలు రికార్డు చేసిందావిడ. 1977 మే 8న కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఆవిడ చేసిన రికార్డింగు ఎంత గొప్పదంటే, అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచదగ్గ ధ్వనుల 2011 సంవత్సరపు జాబితాలో దాన్ని చేర్చుకుంది. మరి ఆవిడకి దక్కిందేమిటి? కష్టకాలంలో సామాను దాచుకున్న గదికి అద్దె కట్టలేకపోతే, 1986లో ఆ టేపులన్నీ వేలంలో ఎవరెవరి చేతికో పోయాయి. వాటిని కొనుక్కున్నవాళ్లూ, వాళ్ల దగ్గర కాపీలు తీసుకున్నవాళ్లూ పంచుకోబట్టి ఆ సంగీతం లోకానికి మిగిలింది. ఇవాళ అభిమానులు వాటిని 'బెట్టీ బోర్డ్స్' అని ఆవిడ పేరుతోనే పిలుస్తారు. ఆవిడ ఇంటిపట్టునే ఉండుంటే ఆ రాత్రులు మనకి ఇలా మిగిలేవా?

అలాగని అక్కడంతా బృందావనమని నేననను. మత్తుమందులు ఈ కచేరీల చుట్టూ మొదటినుంచీ ఉన్నాయి. 1995 జులై 2న ఇండియానా రాష్ట్రంలోని డీర్ క్రీక్‌లో టికెట్లు లేని జనం కంచె విరగ్గొట్టి లోపలికి చొరబడ్డారు. మర్నాటి కచేరీ రద్దయింది. బుద్ధిగా ఉండమని బృందమే అభిమానులకి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ ఆగస్టు 9న ముఖ్య గాయకుడు జెర్రీ గార్సియా 53 ఏళ్లకే కన్నుమూశాడు. ఏళ్ల తరబడి మత్తుమందుల అలవాటుతో అవస్థపడి, చికిత్సా కేంద్రంలో ఉండగా గుండెపోటుతో పోయాడు. తల్లుల భయంలో నిజం లేదని ఎవరనగలరు?

అయితే ఆ భయానికి విరుగుడు కూడా అభిమానులే వెతుక్కున్నారు. మత్తు మానుకున్నవాళ్లు 'వార్ఫ్ ర్యాట్స్' అనే పేరుతో ఒక గుంపుగా ఏర్పడ్డారు. కచేరీ మధ్య విరామంలో పసుపు బెలూన్లు కట్టిన చోట కలుసుకుని ఒకరికొకరు తోడుంటారు. జనంలో ఆడవాళ్ల మీద చేతులు వేసే వెధవ బుద్ధి అక్కడా ఉంది. దాన్ని అరికట్టడానికి ఇటీవలి కాలంలో 'గ్రూవ్‌సేఫ్' అనే సంస్థ వచ్చింది. అవతలి మనిషి ఒప్పుకోకుండా తాకకూడదని పోస్టర్లతో, స్టిక్కర్లతో ఈ కచేరీల్లో ప్రచారం చేస్తోంది. చేతులు వేసేవాడికి బుద్ధి చెప్పాలి గానీ, పాట వినడానికొచ్చిన అమ్మాయిని ఇంటికి పొమ్మనడం ఏం న్యాయం?

ఇక 'మొగుణ్ణి వదిలేసి' అన్న మాట. క్రికెట్ మ్యాచ్ కోసం మగవాళ్లు నలుగురు కలిసి పక్క ఊరికి పోతే, 'పెళ్లాన్ని వదిలేసి వెళ్లాడు' అని ఎవరన్నా అంటున్నారా? అభిమాన హీరో సినిమా మొదటి ఆటకి అబ్బాయి తెల్లవారుజామునే లేచి పరిగెడితే 'కుర్రతనం' అని నవ్వుకుంటాం. అమ్మాయి పాట కోసం మూడొందల కిలోమీటర్లు వెళ్తే మాత్రం సంసారం మీద శ్రద్ధ లేదంటాం. మూడు రాత్రులు భార్య ఊళ్లో లేకపోతే కూలిపోయే సంసారమైతే, లోపం పాటలో లేదు.

అసలు చిక్కు వేరే ఉందనిపిస్తుంది నాకు. పెళ్లికి వెళ్లినా, పురిటికి వెళ్లినా, ఆఖరికి గుడికి వెళ్లినా మనం ఎవరో ఒకరి కోసం వెళ్తాం. గుళ్లో కూడా పసుపుకుంకాలు, పిల్లల చదువులే కోరుకుంటాం. కచేరీ యాత్ర అలా కాదు. దానివల్ల ఇంట్లో ఎవరికీ పైసా లాభం లేదు. వెళ్లినామె సంతోషం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆడది తన ఒక్కదాని సంతోషానికి అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లడమే మనకి మింగుడు పడదు. అబ్బాయిలకి చిన్నప్పటినుంచీ ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు అమ్మాయి తన జీతంతో, తన సెలవుతో తీసుకుంటే తప్పు పట్టే హక్కు మనకెక్కడిది?

తల్లులుగా మనం అడగాల్సిన ప్రశ్నలు లేకపోలేదు. తోడు ఎవరు? కచేరీ అయ్యాక అర్ధరాత్రి నిద్రకళ్లతో బండి నడుపుతారా, దగ్గర్లో ఎక్కడన్నా బస ఉందా? ఎవరి దగ్గర నంబరు ఉంది? ఇవి తప్పకుండా అడగండి. 'ఎందుకు వెళ్లడం?' అని మాత్రం అడక్కండి. తిరిగొచ్చాక 'ఏం పాడారే? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా?' అని అడిగి చూడండి. ఫోన్లో ముక్తసరిగా 'బానే ఉన్నానమ్మా' అని పెట్టేసే పిల్ల గంటసేపు మాట్లాడుతుంది.

మన సంగతీ కాస్త ఆలోచించుకుందాం. ఎవరి పెళ్లీ, ఎవరి జబ్బూ, ఏ మొక్కూ లేకుండా, నాకిష్టం కాబట్టి వెళ్తున్నానని చెప్పి మీరు చివరిసారి ఊరు దాటింది ఎప్పుడు? వేళ్ల మీద లెక్కపెట్టడానికి ఒక్క ప్రయాణమైనా తగిలితే అదృష్టవంతులే. తగలకపోతే మీకిష్టమైన కచేరీ ఈసారి ఏ ఊళ్లో ఉందో కనుక్కోండి.