బొగ్గు తూచు త్రాసున బిడ్డలను తూతుమా?

గోదావరిఖని, రామగుండము ప్రాంతమున వారసత్వపు కొలువు మాట యెరుగని కార్మికుని యిల్లు లేదు. తండ్రి చేసిన గనిపని కొడుకునకు దక్కవలెనని సంఘములు 2017లో సమ్మెకు దిగినవి. మంచిదే. కాని కొలువునకు పోజాలని బిడ్డ మాట యేమి?

ఆటిజము గల బాలుడు పేరు పెట్టి పిలిచినను పలుకకపోవచ్చును. షిఫ్టు సైరను, ఓపెన్‌కాస్టు ప్రేలుళ్లు వానికి భరింపరానివి కావచ్చును. లోకము వానిని పిచ్చివాడనును, తల్లిని నిందించును, తాయెత్తు కట్టుమనును. ఇంతకంటె అన్యాయము గలదా? ఇది గ్రహదోషము గాదు, పెంపకపు లోపమును గాదు. మెదడు వేరొక రీతిని వికసించుట. తల్లుల నిరాదరణయే కారణమన్న వాదమును శాస్త్రము ఏనాడో త్రోసివేసినది.

చట్టమును ఊరకుండలేదు. 1995 నాటి చట్టమున చోటు లేని ఆటిజము 2016 నాటి చట్టమున 21 వైకల్యములలో చేరినది. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కు. పదిమందియెదుట వికలాంగుని బుద్ధిపూర్వకముగా అవమానించినవానికి ఆరునెలలకు తగ్గని చెర.

హక్కు కాగితమున నున్న చాలదు. సికింద్రాబాదున 1984లో నెలకొన్న జాతీయసంస్థకు రెండువందల కిలోమీటర్లు దాటి యే తల్లి యెన్నిమారులు పోగలదు? కార్మికసంఘములారా! మీ కోర్కెల పట్టికలో మొదటి వరుసను వ్రాయుడు: కాలనీ బడిలో శిక్షణ పొందిన గురువు, ఏరియా ఆసుపత్రిలో ఈ బిడ్డలను చూచు నిపుణుడు. కంపెనీయు ప్రభుత్వమును బదులు చెప్పవలెను. తూచుటకు బొగ్గున్నది, బిడ్డలున్నది పెంచుటకే.