సొట్ట పోవాలి, రేకు ఉండాలి

పట్టుచీర అంచు చిరిగితే చీరంతా పారేస్తామా? అంచు మార్పించుకుంటాం. ఒంట్లో చిన్న చిరుగు పడితే రఫ్ఫు చేయిస్తాం. ఇత్తడి బిందెకి చిల్లు పడితే మా అమ్మమ్మ మాటు వేయించేది గానీ కొత్త బిందె కొనమని ఏనాడూ అడగలేదు. ఏది బాగుచెయ్యాలో, ఏది మార్చాలో రోజూ ఇంట్లో తేల్చేది మనమే. అలాంటిది పాత కారు దగ్గరికొచ్చేసరికి "మీ ఆడవాళ్లకేం తెలుస్తుందిలెండి" అంటారు. పోయిన ఏడాదంతా ఆ మాట వింటూనే ఉన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా నాన్నగారిది 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. 1991లో గుడివాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇంట్లో అందరం 'ఫియట్' అనే అనేవాళ్లం. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 కారునే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు మరి. 2001 నాటికే దాని తయారీ ఆగిపోయింది. బొంబాయి వీధుల్లో తిరిగిన పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి.

నాన్నగారు పోయి మూడేళ్లయింది. కారు షెడ్డులోనే ఉండిపోయింది. "తుక్కుకి ఇచ్చేద్దాం అక్కా" అన్నాడు మా తమ్ముడు. నాకు కావాలన్నాను. "ఇల్లడగలేదు, పొలమడగలేదు, ఆడపిల్లవి నీకు కారెందుకే?" అని మా మేనత్త ముక్కున వేలేసుకుంది. నిజమే, అవేవీ అడగలేదు. అందుకే ఇది అడిగాను! కథలకి వచ్చిన పారితోషికాలు, చీటీ పాడుకున్న డబ్బూ కలిపి, కారుని విజయవాడ తెచ్చుకున్నాను.

మొదట ఇచ్చిన షెడ్డులో ఇరవై రోజుల్లో కారు తళతళలాడించి ఇచ్చారు. నేను అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు మాత్రం పక్కనున్న మా వారికి చెప్పేవారు. ఒక్క వానాకాలం గడిచిందో లేదో, తలుపుల కింద రంగు బొబ్బలెక్కింది. గోటితో గీకితే పెచ్చులూడి చేతికొచ్చింది. లోపల తుప్పు తుప్పుగానే ఉంది, పైన వేలి మందాన పుట్టీ. కుళ్లిన పన్ను మీద తొడుగు వేసినట్టన్నమాట.

ఈసారి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన మొట్టమొదట చేసిన పని, జేబులోంచి ఒక అయస్కాంతం తీసి గుడ్డలో చుట్టి కారు చుట్టూ తిప్పడం. రేకున్న చోట అతుక్కుంది. పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోయింది. "చూశారా అమ్మా, ఇదీ మీ కారు జాతకం" అన్నారు. పాత కారు కొనేవాళ్లయినా, బాగుచేయించుకునేవాళ్లయినా ఈ చిట్కా గుర్తుంచుకోండి. ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ చాలు.

అప్పుడొచ్చింది అసలు పేచీ. ఎడమవైపు వెనక తలుపు అడుగంతా తినేసింది. దానికి తోడు నడుమన పెద్ద సొట్ట. తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోన్లో, "మద్రాసు పుదుపేటలో పాత కార్లవి తలుపులు దొరుకుతాయక్కా, తెప్పించి బిగించేయ్" అన్నాడు. దొరికింది కూడా. ఎనిమిది వేలు. ఉన్న తలుపునే బాగుచెయ్యడానికి మేస్త్రి అడిగింది పదకొండు వేలు, తొమ్మిది రోజులు. లెక్క చూస్తే తమ్ముడిదే గెలుపు.

కానీ ఆ లెక్కలో కొన్ని కలవలేదు. ఇంగ్లండులో ఎం.జి.బి. అనే పాత కారుంది. 1988 నుంచి దాని బాడీని అసలు కంపెనీ అచ్చులతోనే మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారు. అక్కడ 'కొత్తది కొను' అంటే అర్థం ఉంది. మనకొచ్చేవి చాలావరకు రెండు రకాలే. ఒకటి, బజారులో చేత్తో సాగగొట్టి చేసిన పల్చటి రేకు. రెండోది, ఇంకో చచ్చిన కారు నుంచి ఊడదీసిన భాగం. దాని లోపల ఎంత తుప్పుందో రంగు గీకితే గానీ తెలీదు. అంటే మన తుప్పు ఇచ్చేసి, ఇంకొకరి తుప్పు కొనుక్కోవడం!

పైగా తలుపనేది ఒక్క రేకు కాదు. ఇన్నేళ్లూ ఆ చట్రంలోనే తెరుచుకుని మూసుకుని, ఆ సందుకి అలవాటు పడిపోయిన వస్తువు. వేరే కారు తలుపు తెచ్చి బిగిస్తే పైన సందు ఎక్కువ, కింద తక్కువ. రబ్బరు కూర్చోదు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. దాన్ని సరిచెయ్యడానికి మళ్లీ సుత్తి, మళ్లీ పుట్టీ, మళ్లీ కూలి. ఎనిమిది వేలు పదమూడు కావడానికి ఎంతసేపు?

బాగుచెయ్యడం ఎలా ఉంటుందో రోజూ స్టూలు మీద కూచుని చూశాను. తుప్పు తిన్న మేర మాత్రమే కోసేశారు. అంతే మందం రేకు తెచ్చి, అదే వంపు వచ్చేలా మలిచి, అంచుకి అంచు ఆనించి వెల్డింగు పెట్టారు. ఒక చివర నుంచి రెండో చివరకి గబగబా లాక్కుపోలేదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో చల్లారనివ్వడం. వేడి ఒకేచోట పెరిగితే పల్చటి రేకు అప్పడంలా వంకర్లు పోతుందట. తర్వాత సొట్ట. లోపలి వైపు నుంచి సుత్తి, బయట ఆనుగా ఇనప దిమ్మ. టక్ టక్ టక్... కళ్లతో కాదు, అరచేత్తో తడిమి చూసుకుంటూ కొట్టారు. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికుండే బెజ్జాలు ఏళ్ల తరబడి మట్టితో పూడిపోయాయి. మొత్తం రోగానికి మూలం అదే. బెజ్జాలు తెరిచి, లోపల తుప్పు మందు పూశాకే రంగు దాకా వెళ్లారు. వంటింటి సింకు జాలీలో మెతుకులు తీసినంత సులువైన పని ఇన్నేళ్లూ ఎవరూ చెయ్యలేదు, అంతే.

ఇంకో మాట. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకి నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, బాడీ, ఛాసిస్, ఇంజన్లలో భారీ మార్పులు లేని బండికే ఆ రిజిస్ట్రేషను. మా కారుకి 2028లో యాభై నిండుతాయి. ఇష్టమొచ్చినట్టు కోసి అతికించుకుంటూ పోతే రేపు అడిగేవాడికి ఏం చెబుతాం?

అలాగని అన్నీ అట్టేపెట్టమని నేననను. ఈ రకం కార్లకి కింద విడిగా ఛాసిస్ ఉండదు. అడుగు రేకు, తలుపుల కింది పెట్టె లాంటి పట్టీలే బరువు మోస్తాయి. మా కారుకి కుడివైపు పట్టీ జల్లెడయిపోయింది. వేలితో నొక్కితే వేలు దిగింది. దాన్ని మొత్తం తీయించి కొత్తది చేయించాను. సీటు బోల్టు బిగించే చోటా, చక్రాన్ని పట్టి ఉంచే చోటా జ్ఞాపకాలు పనికిరావు. పిల్లల్ని ఎక్కించుకునే బండి అది. నా సూత్రం ఒకటే: అందానికున్న రేకుని బాగుచెయ్యండి, ప్రాణాన్ని మోసే రేకు కుళ్లితే మార్చండి. దేన్నీ పుట్టీతో మాత్రం కప్పకండి.

ఆ సొట్ట సంగతి చెప్పలేదు కదూ. అది మా అమ్మది. 1996లో నాన్నగారు సరదాపడి అమ్మకి డ్రైవింగు నేర్పడం మొదలెట్టారు. నాలుగో రోజు గేటు తిప్పుతుంటే స్తంభం రాసుకుంది. అంతే, చుట్టాలందరికీ అదో నవ్వులాట. పెళ్లిళ్లలో, పేరంటాల్లో కూడా అదే కబురు. అమ్మ మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. నేనేమో కథలు రాసేదాన్ని కదా, 'అమ్మ గుర్తు, ఆ సొట్ట అలాగే ఉంచేద్దాం' అని కవిత్వం పోయాను. అమ్మ నా వంక చూసి, "ఉంచుతావా? ముప్ఫై ఏళ్లుగా మోస్తున్నానే దాన్ని. తలుపు మీ నాన్న తీసి పట్టుకున్న తలుపు, అది ఉండనీ. సొట్ట మాత్రం తీయించెయ్" అంది.

పదకొండు వేలెందుకు పెట్టాలో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. కొత్త తలుపు తెచ్చుంటే సొట్టతో పాటు తలుపూ పోయేది. వదిలేసుంటే తలుపుతో పాటు సొట్టా ఉండేది. మంచిది మిగుల్చుకుని చెడ్డది తీసెయ్యడం ఓపికున్న చేతికే సాధ్యం. ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మా మేస్త్రి కొడుకు ఈ పని నేర్చుకోలేదు, సెల్‌ఫోన్ల షాపులో ఉన్నాడు. మనం పని ఇవ్వకపోతే, ఇచ్చినా తగిన కూలి ఇవ్వకపోతే, ఇంకో పదేళ్లకి బాగుచేయించుకుందామన్నా చేసేవాళ్లు దొరకరు.

మీ ఇంటి షెడ్డులోనూ అంబాసిడరో, ఫియటో, లాంబ్రెట్టానో ఉండే ఉంటుంది. 'మార్చేద్దాం' అని మగవాళ్లు తేల్చేసే ముందు ఒక్కసారి మీరూ వెళ్లి అరచేత్తో తడిమి చూడండి. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్లడం మర్చిపోకండి!