ఉప్పల్ చౌరస్తాలో ఏ కారు నయం?

ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రే మా చిన్నమ్మ కొడుకు నాకు రెండు ఫొటోలు పంపాడు. ఒకటి ఎర్రటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 2016 మోడల్, కొత్తపేటలో ఉంది. రెండోది నీలం రంగు మారుతీ బాలెనో ఆర్‌ఎస్, 2018 మోడల్, వనస్థలిపురంలో ఉంది. రెండూ సెకండ్ హ్యాండే. రెండింటి ధరా అటూ ఇటూగా అయిదు లక్షలు. ఫొటోల కింద ఒకటే లైన్: "అన్నా, డైలీ ఆఫీసుకు ఏది తీస్కోమంటవ్?"

జాయినింగ్ ఎప్పుడురా అని అడిగాను. "ఆ మెయిల్ ఇంకా రాలే అన్నా" అన్నాడు.

నవ్వకండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన వారంలో మీ హాస్టల్ రూముల్లో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. ఏడేళ్ల కింద నేనూ అవే మాట్లాడాను. నిజమైన స్పోర్ట్స్ కారు మన జేబుకు ఎలాగూ అందదు. మామూలు హ్యాచ్‌బ్యాక్ ఒంట్లో టర్బో ఇంజిన్ పెట్టిన ఇలాంటివే మన స్పోర్ట్స్ కార్లు. పైగా ఈ రెండూ ఇప్పుడు తయారు కావడం లేదు. ఆర్‌ఎస్ 2017 మార్చిలో వచ్చి, బీఎస్-6 నిబంధనల వేళ 2020లో వెళ్లిపోయింది. పోలో 2022లో మన దేశంలో ఆగిపోయింది. కొత్తవి దొరకవు కాబట్టి పాతవాటి మీద మోజు ఇంకా పెరిగింది. ముప్పై వేల జీతగాడు కూడా ఈఎంఐ లెక్కేసుకుని "వచ్చేస్తది కదా" అనుకునే ధరలోనే అవి ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఒక మాట ఒప్పుకుంటాను. ఆదివారం పొద్దున ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద పోలో జీటీ నడిపితే నవ్వు ఆపుకోవడం కష్టం. 2013లో వచ్చిన ఆ బండిలో 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్నాయి. గేరు ఎప్పుడు మారిందో చెవికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలియదు. ఆర్‌ఎస్ దగ్గర ఆ దర్జా లేదు. 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో, 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు, అయిదు గేర్ల మాన్యువల్ మాత్రమే. కాకపోతే బరువు 950 కిలోలు, పోలో కంటే నూటయాభై కిలోల దాకా తక్కువ. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి. రోడ్డు మీద పక్కనుంచి వెళ్తే చాలామంది మామూలు బాలెనో అనుకుంటారు. మా తమ్ముడికి అదే పెద్ద లోటులా కనిపించింది.

కానీ వాడు అడిగింది ఆదివారం సంగతి కాదు, డైలీ సంగతి. డైలీ అంటే సాయంత్రం ఆరున్నరకు ఉప్పల్ చౌరస్తా.

అక్కడ బండి నడవదు, పాకుతుంది. నాలుగడుగులు, బ్రేకు. ఇంకో నాలుగడుగులు, బ్రేకు. హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట... హైటెక్ సిటీ దాకా ఇదే వరస. 2022లో నాగోల్ ఫ్లైఓవర్ వచ్చాక మన వైపు కాస్త ఊపిరి ఆడుతోంది గానీ, ఆ ఊపిరి ఉప్పల్ దాకానే. ఇలా పాకడంలోనే డీఎస్‌జీ అసలు గుణం బయటపడుతుంది.

మెకానికల్ వాళ్లకు తెలిసిందే, మిగతావాళ్ల కోసం చెబుతాను. డీఎస్‌జీలో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది, రెండోది 2, 4, 6 గేర్లను. మీరు రెండో గేరులో ఉండగానే మూడోది సిద్ధంగా ఉంటుంది. అంత వేగంగా మారడానికి కారణం అదే. అయితే ఈ ఏడు గేర్ల డీఎస్‌జీలో ఉన్నవి డ్రై క్లచ్‌లు. అంటే ఆయిల్‌లో మునిగి ఉండవు, గాలికే చల్లబడాలి. బండి పాకుతున్నంతసేపూ క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, మధ్యలో జారుతూ ఉంటుంది. జారితే ఘర్షణ, ఘర్షణతో వేడి, వేడితో అరుగుదల. మన మే నెల ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని, రోజూ రెండు మూడు గంటలు! 2013లో చైనాలో డీఎస్‌జీ సమస్యల మీద టీవీలో పెద్ద దుమారమే రేగి, ఆ కంపెనీ అక్కడ 3,84,181 కార్లను వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. ప్రతి పోలో గేర్‌బాక్సూ పోతుందని నేననడం లేదు. పదేళ్లుగా హాయిగా నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. కానీ పోతే క్లచ్ ప్యాక్‌కో, మెకట్రానిక్స్ యూనిట్‌కో వచ్చే బిల్లు వేలల్లో ఆగదు, లక్ష దాటే అవకాశం ఉంది. మీ జీతంలో అది ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

ఇంకొకటి, మనకు మాత్రమే తెలిసిన బాధ: అపార్ట్‌మెంట్ సెల్లార్. నాగోల్, బండ్లగూడ వైపు సెల్లార్ ర్యాంపులు చూశారు కదా, కొన్ని ఏకంగా గోడలాగే ఉంటాయి. పైన వాచ్‌మన్ గేటు తీసేదాకా ఆ ఏటవాలు మీద బండిని యాక్సిలరేటర్ తొక్కి నిలబెడితే డ్రై క్లచ్‌ను చేతులారా కాల్చినట్టే. బ్రేకు తొక్కి ఆపాలి. నాగోల్ టెస్టింగ్ ట్రాక్‌లో హెచ్, ఎయిట్ తిప్పి లైసెన్స్ తెచ్చుకున్న మనలో ఎంతమందికి ఈ అలవాటు ఉంది?

మాన్యువల్ క్లచ్ కూడా అరుగుతుంది. ఆర్‌ఎస్‌కు కాలు నొప్పి గ్యారంటీ. కానీ ఆ క్లచ్ మార్చడానికి మన చుట్టుపక్కల మంచి మెకానిక్ ఎవరైనా చాలు, కంప్యూటర్ పెట్టి గేర్‌బాక్స్‌తో మాట్లాడే స్పెషలిస్టు అక్కర్లేదు. అలాగని ఆర్‌ఎస్ మచ్చలేనిదేమీ కాదు. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని, 2016 అక్టోబరు 27 నుంచి 2019 నవంబరు 1 వరకు తయారైన 7,213 ఆర్‌ఎస్‌లను 2023లో కంపెనీయే వెనక్కి పిలిచింది. ఆ పంపు సరిగా పనిచేయకపోతే బ్రేకు పెడల్‌ను మామూలు కంటే గట్టిగా తొక్కాల్సి రావచ్చు. మావాడు చూసిన 2018 బండి ఆ తేదీల మధ్యదే. రికాల్ పని అయ్యిందా లేదా అన్న కాగితం చూడకుండా ధర మాట్లాడొద్దని చెప్పాను. పైగా టర్బో ఇంజిన్, ఇంజిన్ పైభాగాల్లో కొన్ని మామూలు బాలెనోవి సరిపోవు. స్పేర్ కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు.

ఇక డబ్బు. లక్ష చేతిలోంచి కట్టి, నాలుగు లక్షలు లోన్ అనుకుందాం. సెకండ్ హ్యాండ్ కార్లకు వడ్డీ కొత్త కార్ల కంటే ఎక్కువ ఉంటుంది. 14 శాతం చొప్పున నాలుగేళ్లకు వేస్తే నెలకు 10,930 రూపాయలు. నాలుగేళ్లలో వడ్డీయే లక్షా పాతిక వేలు. నాగోల్ నుంచి రాయదుర్గం వైపు రానూపోనూ 60 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు, అంటే 1,320 కిలోమీటర్లు. కంపెనీ లెక్కలో లీటరుకు పోలో 17, ఆర్‌ఎస్ 21 ఇస్తాయి. ఉప్పల్ చౌరస్తాకు ఆ లెక్కలు తెలియవు. ట్రాఫిక్‌లో పోలోకు 10, ఆర్‌ఎస్‌కు 14 అని నా అంచనా. లీటరు 107 రూపాయల చొప్పున పోలోకు 14 వేలు, ఆర్‌ఎస్‌కు 10 వేలు. ఈఎంఐ కలిపితే ఒకదానికి 25 వేలు, ఇంకోదానికి 21 వేలు. మావాడి చేతికొచ్చేది 31 వేలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లోనూ తేడా ఉంది. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటితే 3,416. ఆర్‌ఎస్ రెండు సీసీల తేడాతో లోపల ఉండిపోయింది. పోలో 1197 సీసీ.

ఈ లెక్క వాడికి ఫోన్లో చెప్తే కాసేపు మాట రాలేదు. తర్వాత "మరి అందరెట్ల కొంటున్రు అన్నా?" అన్నాడు. ఇంట్లో అద్దె కట్టనక్కర్లేనివాళ్లు కొంటున్నారు, నాన్న పెట్రోలు పోయించేవాళ్లు కొంటున్నారు, ఇన్‌స్టాలో ఈఎంఐ కనిపించదు అని చెప్పాను.

మన వైపు పాత కారు కొనేవాళ్లకు ఇంకో సంగతి మరీ మరీ చెప్పాలి. 2020 అక్టోబరు వరదలు గుర్తున్నాయా? సరూర్‌నగర్ కాలనీలు, మన నాగోల్ అయ్యప్ప కాలనీ నీళ్లలో ఉన్న రోజులు. సెల్లార్లలో నిలిపిన కార్లు సీట్ల దాకా మునిగాయి. వాటిలో కొన్ని శుభ్రంగా కడిగించుకుని, పాలిష్ కొట్టించుకుని మళ్లీ మార్కెట్లోకి వచ్చి ఉంటాయి. ఈ రెండు మోడళ్లూ అప్పటికే రోడ్ల మీద ఉన్నాయి. కాబట్టి సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. బెల్టును పైపైన తుడుస్తారు గానీ లోపల చుట్టుకున్న భాగాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడ అలాగే ఉంటుంది. కార్పెట్ ఎత్తి చూడండి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి చూడండి, సీటు రైళ్ల బోల్టుల తుప్పు చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి. కంప్యూటర్లతో నిండిన ఆటోమేటిక్ బండి అయితే ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

కాగితాల గురించి నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన దగ్గర పాత బైకు కొన్నాను. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉందని అప్పుడు చూడలేదు. "లోన్ అయిపోయింది, ఎన్‌వోసీ తర్వాత ఇస్తా" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత రికవరీ వాళ్లు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చారు. నేను కాలేజీలో ఉన్నా, కిందికి దిగి సమాధానం చెప్పింది మా అమ్మ. ఆ రోజు కాలనీ అంతా చూసింది. డబ్బు పోతే మళ్లీ వచ్చింది గానీ, ఆ సాయంత్రం అమ్మ ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందేమో చూడండి. ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతిలో పడేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు తీసుకోండి. పాత చలాన్లు ముందే కట్టించండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోండి. ఏపీ రిజిస్ట్రేషన్ బండి చవగ్గా వస్తోందంటే, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపాక చవకో కాదో చూడండి.

నా ఓటు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. రోజూ నడపడానికైతే ఆర్‌ఎస్. మనసు పోలో మీదే ఉందనీ, ఆటోమేటికే కావాలనీ అనుకుంటే 2020 తర్వాత వచ్చిన 1.0 లీటర్ జీటీ చూడండి. అందులో డీఎస్‌జీ బదులు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది, అది పాకుడుకు ఓర్చుకుంటుంది. కానీ ధర ఎక్కువ, ఇప్పుడు మీ లెక్కలోకి రాదు. ఏ కారైనా టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డు చూపించే ఓనరుకు దండం పెట్టి, బండిని సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట నడపండి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణుకుతోందా, ర్యాంపు మీద తడబడుతోందా, పాకేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎటు పోతోంది... అన్నీ అక్కడే తేలతాయి.

జాయినింగ్ మెయిల్ రాకముందు మాత్రం రెండూ వద్దు. ఆఫర్ లెటర్‌తో పాటు మీకు పోస్టింగ్ ఊరు, ప్రొబేషన్, షిఫ్టు ఏవీ ఖాయం కాలేదు. గచ్చిబౌలి అనుకున్న ఆఫీసు రేపు పుణె కావచ్చు. జాయినింగ్ నెలల తరబడి జరగొచ్చు. బ్యాంకు ఈఎంఐ మాత్రం ఒక్క రోజు కూడా జరగదు. నాగోల్‌లో ఉన్నవాళ్లకు ఇంకో అదృష్టం, మెట్రో ఇక్కడే మొదలవుతుంది. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పటి నుంచీ నాగోల్ ఒక చివరి స్టేషనే. 2019 నవంబరు నుంచి రైలు నేరుగా రాయదుర్గం దాకా వెళ్తోంది. దాదాపు గంట ప్రయాణం, పొద్దున ఎక్కితే సీటు గ్యారంటీ. ఉప్పల్‌లో ఎక్కేవాళ్లు మనల్ని చూసి కుళ్లుకుంటారు.

పోయిన ఆదివారం ఇద్దరం వెళ్లి రెండు బండ్లూ చూసొచ్చాం. కొత్తపేట పోలో ఓనరు మంచాయన, సర్వీసు బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టాడు. మావాడు స్టీరింగ్ పట్టుకుని పది నిమిషాలు ఊరికే కూర్చున్నాడు, నేను ఏమీ అనలేదు. వనస్థలిపురం ఆర్‌ఎస్‌కు సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాం, శుభ్రంగా ఉంది. రికాల్ కాగితం మాత్రం ఓనరు దగ్గర లేదు, షోరూములో అడిగి పంపుతానన్నాడు. మావాడి జాయినింగ్ మెయిల్ కూడా ఇంకా రాలేదు. ముందు ఏది వస్తుందో చూస్తున్నాం.