ఆఁడునదులు, మగనదులు

మన సంస్కృతమున నదీనామములు ప్రాయికముగా స్త్రీలింగములు. శోణము, బ్రహ్మపుత్రము వంటి కొన్ని మాత్రము పుంలింగములై నదములనఁబడుచున్నవి. ఇట్టి భేదమే రష్యను, యుక్రెయిన్ భాషలందును గలదు.

రష్యనులో నదికి ‘రెకా’ యని పేరు, ఇది స్త్రీలింగము. అయినను నదుల లింగమును నిర్ణయించునది తఱచుగా నామముయొక్క తుదియే. వోల్గా, లేనా స్త్రీలు. హల్లుతో ముగియు డాన్, అమూర్ పురుషులు. కావుననే యచటి జానపదులకు వోల్గా తల్లి, డాన్ తండ్రి. క్రియయు లింగమునే యనుసరించును. పొంగినది వోల్గా యైనచో ‘రజ్‌లిలాస్’, డాన్ అయినచో ‘రజ్‌లీల్‌స్యా’. మన తెనుఁగున నీ చిక్కు లేదు: సీతయు వచ్చినది, గోదావరియు వచ్చినది. బహువచనమున మాత్రమే మనలను మగవారి పంక్తినిఁ గూర్చుండఁబెట్టిన వ్యాకరణమునకు నమస్కారము!

యుక్రెయిన్ భాషలో ఓకారాంతములు సాధారణముగా నపుంసకములు. ‘ద్నిప్రో’ నది మాత్రము ఓకారాంతమయ్యును బుంలింగమే. రష్యనులో దానినే ‘ద్నేప్ర్’ అందురు. ఈ పేరు స్లావులది కాదు. నల్లసముద్రమున కుత్తరమునఁ బూర్వము శకులు మొదలగు ఇరానీయ భాషలవారు వసించిరి. వారి మాటలలో ‘దాను’ అనఁగా నది, డాన్ అదియే. దానికి ‘అపర’ చేరి ద్నేప్ర్ అయినదనియు, ఆవలి నది యని యర్థమనియుఁ బెక్కురు పండితుల మతము. ఋగ్వేదమున ‘దాను’ శబ్దము ద్రవమును, బిందువును దెలుపును. కాకససు పర్వతములలోని యొస్సెతీయులు నేఁటికిని నీటిని ‘దోన్’ అనియే యందురు.

ఇన్ని సాక్ష్యములుండుటచేతనే దీనిని నమ్ముచున్నాము. వినుటకు దగ్గఱగా నున్నదని మాస్కోను మోక్షమునుండి తీయఁబూనుట మాకు సమ్మతము కాదు.

ద్నేప్రులోఁ గలియు దెస్నా నది పేరు మాత్రము స్లావులదే. ‘కుడిది’ యని యర్థము. మన ‘దక్షిణ’ శబ్దమున కిది చుట్టము. వింత యేమనఁగా, ప్రవాహము వెంబడిఁ జూచినచో నది ద్నేప్రునకు నెడమ వైపునఁ గలియును! ఏటి కెదురెక్కి యుత్తరమునకు వచ్చినవారికిఁ గుడి. పేరు పెట్టినవా రట్లే వచ్చిరని కొందఱి యూహ. ఆ వలస కథనంతయు నొక్క మాట దాఁచియుంచినది.

విభక్తి నెఱిఁగిన వారికి ‘రస్తోవ్-నా-డోనూ’ యను పట్టణపు పేరును సుబోధమే. ‘డానుపైని రస్తోవు’ అని యర్థము. ఇందలి ‘డోనూ’ మన సప్తమి వంటిది. ఉత్తరమున మఱియొక ప్రాచీన రస్తోవు కలదు; రెంటిని వేఱుపఱుచునది యీ నదిపేరే.