మైదానానికి రేటు కట్టిండ్రు, ఆటగాడికి కట్టలే

డిగ్రీ ఫీజు రసీదు ఒక్కసారి తీసి చూడుండ్రి. ల్యాబ్ ఫీజు, లైబ్రరీ ఫీజు కింద ఆటల ఫీజని ఒక పద్దు ఉంటది. ఆ పైసలతోని కొన్న బంతి ఏడుందని మేం అడుగుతున్నం. మూడంతస్తుల బిల్డింగుల నడిచే కార్పొరేట్ ఇంటర్ కాలేజీల సంగతి అడగనే అక్కర్లేదు. అక్కడ పిల్లలు ఎండ మొహం చూసేది హాస్టల్ బస్సు ఎక్కేటప్పుడే. ఆటల పీరియడ్ అంటే ఇంకో స్టడీ అవర్.

ఆటలతోని పైసలు రావని పిల్లలకు, తల్లిదండ్రులకు నూరిపోసిండ్రు. అది అబద్ధం. ఆట పేరు చెప్తే ఎంతొస్తదో మనల్ని ఏలినోళ్లకు ఎరుకైనంత ఎవరికి ఎరుక లేదు.

1969ల పోలీసు తూటాలకు మన విద్యార్థులు నేలకొరిగిండ్రు. ముల్కీ నిబంధనలు ఊడబీకి 1973ల ఆరు సూత్రాల పథకం చేతుల పెట్టిండ్రు. ఆ పథకం కిందనే 1974ల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. దానికి గచ్చిబౌలి దిక్కు దాదాపు 2,300 ఎకరాలు చూపిచ్చిండ్రు. పోగొట్టుకున్నదాంతో పోలిస్తే అది చిల్లర, అయినా నెత్తురు పోసి తెచ్చుకున్న చిల్లర.

2003 ఆగస్టుల ఐఎంజి భారత అని ఒక కంపెనీ పుట్టింది. క్రీడా అకాడమీలు కడ్తమన్నది. పుట్టిన నెలలోనే చంద్రబాబు సర్కారు దానితోని ఒప్పందం చేసుకున్నది. కంచ గచ్చిబౌలిల 400 ఎకరాలు, మామిడిపల్లిల 450 ఎకరాలు, మొత్తం 850 ఎకరాలు! అసెంబ్లీ రద్దయి ఆపద్ధర్మ ప్రభుత్వం ఉన్న 2004 ఫిబ్రవరిల 400 ఎకరాలు రిజిస్ట్రేషన్ చేసిచ్చిండ్రు. మన కాలేజీ పోరనికి షూస్ కొనియ్యడానికి ఫైలు కదలదు, 850 ఎకరాలకు మాత్రం ఫైలు ఉరికింది. 2006ల వైఎస్ సర్కారు రద్దు చేస్తే కంపెనీ కోర్టుకెక్కింది. 2024 మార్చిల హైకోర్టు రద్దే సరైందన్నది. ఇరవై ఏండ్ల కొట్లాటల ఒక్క పిల్లగాడు ఆ నేల మీద పరుగు పందెం ఉరికిండా?

పోనీ, మన రాష్ట్రం వచ్చింది కదా, ఇక న్యాయమైతదనుకున్నం. 2025 మార్చి చివర్ల అదే 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినయి. ఈసారి ఆట పేరు కూడా చెప్పలే, ఐటీ పార్కన్నరు. భూమి యూనివర్సిటీది కాదని సర్కారు వాదన. పిల్లలు అడ్డం పోతే పోలీసులు ఈడ్చుకపోయిండ్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది కాబట్టి చెట్లు నరుకుడు ఆగింది.

ఈ గడ్డ మీద ఆటకు విలువ లేకుండెనా? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంల నిలిచింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఉస్మానియాల చదువుకున్న బడిపంతులు. జట్టుల మనోళ్లు ఎందరో. 1962 జకార్తా ఆసియా క్రీడలల్ల బంగారం కూడా ఆయన చేతి చలువే.

ఇప్పుడు నిఖత్ జరీన్ 2022ల ప్రపంచ చాంపియన్ అయినంక రెండు కోట్లిచ్చిండ్రు, 2024ల డీఎస్పీ ఉద్యోగమిచ్చిండ్రు. ఇయ్యాలె, ఇంకా ఇచ్చినా తప్పు లేదు. కాని ఆమె నిజామాబాద్‌ల గ్లౌజులు తొడిగినప్పుడు ఏమిచ్చిండ్రు? పతకం తెచ్చినంక శాలువ కప్పుతరు, తెచ్చేదాక బస్సు కిరాయి ఇయ్యరు. ఉద్యోగాలల్ల రెండు శాతం క్రీడా కోటా ఉన్నది. పీడీ లేని, గ్రౌండ్ లేని కాలేజీల చదివిన బీద పిల్లగాడు ఆ సర్టిఫికెట్ ఏడికెళ్లి తేవాలె? పీడీ ఉన్న కాడ ఆయనను పరీక్షల డ్యూటీకి, గేటు కాడ క్రమశిక్షణకు వాడుకుంటున్నరు. 2024 డిసెంబర్ల క్రీడా యూనివర్సిటీ బిల్లు పాస్ చేసిండ్రు, సంతోషం. పైకప్పు ఏసిండ్రు, గోడలేవి?

మా తప్పు కూడా చెప్పుకోవాలె. 2013 సెప్టెంబర్ల సకల జనభేరికి నిజాం కాలేజీ మైదానాన్ని నింపింది మనమే. ఆనాడు అవసరం అట్లున్నది. ఆ మైదానాన్ని ఆటకు తిరిగి అప్పజెప్పే బాధ్యత కూడా మనదే.

విద్యార్థి సంఘాలు ఈ నెలల ఒక పని చెయ్యాలె. ప్రతి కాలేజీల ఆటల ఫీజు ఎంత వసూలైంది, దేనికి ఖర్చయింది, నోటీసు బోర్డు మీద పెట్టమని రాసియ్యుండ్రి. సర్కారు కాలేజైతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు చాలు. వచ్చిన జవాబు మాకు పంపుండ్రి, కాలేజీ పేరుతో సహా అచ్చేస్తం.