ఈ పంజా ఎవరిది?

కళలో చేతుల గురించి రాసే పండితులు అజంతా పద్మపాణితో మొదలెట్టి బుద్ధుడి అభయహస్తం దగ్గర ఆగిపోతారు. మా పీర్ల పంజా వాళ్ల కంటికి ఆనదు. ఆ అయిదు వేళ్లూ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. 680లో కర్బలాలో నీళ్ల కోసం వెళ్లి అబ్బాస్ పోగొట్టుకున్న చేతులూ అవే. ఊళ్లో మాదిగ డప్పు మోగందే ఆ ఇత్తడి చెయ్యి చావిడి దాటదు. మీరు దాన్ని జానపదమని మూలకు తోస్తారు. చదువుకున్న మా తమ్ముళ్లు కొందరు షిర్క్ అని గద్దిస్తారు (ఇద్దరికీ ఎంత పొత్తో!). మీ పుస్తకంలో చోటివ్వకపోతే పోనివ్వండి. మొహర్రం నెల పొడవగానే చింతపండుతో తోమి, దట్టీలు కట్టి మేం నిలబెడతాం. మొక్కు తీర్చుకోను మల్లమ్మలూ వస్తారు, మస్తానమ్మలూ వస్తారు.