గొంతు బొంగురుపోతే మిరియం నమిలితే చాలునా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుప్రక్కల కంప్యూటరు పాఠాలు చెప్పే యువకులు నా వద్దకు తరచుగా వస్తుంటారు. అందరి బాధా ఒక్కటే, గొంతు పట్టివేయుట. రెండు నెలలుగా బొంగురుపోయిన స్వరంతో ఇటీవల వచ్చిన ఒకతను అప్పటికే మిరియాల కషాయం, అల్లం రసం, పసుపు పాలు, ఉప్పునీటి పుక్కిలింత అన్నీ ముగించి, "గురువుగారూ, ఇంకా ఘాటైనది ఏదైనా ఇవ్వండి, సోమవారం కొత్త బ్యాచి మొదలవుతుంది" అన్నాడు.

నేను ఇవ్వలేదు. వైద్యుడనై ఉండి ఈ మాట వ్రాయుటకు కొంత సంకోచం కలుగుచున్నది గాని, మనం గొంతు కోసం త్రాగే ఏ కషాయమూ స్వరం పుట్టే చోటును తాకదు.

గుటక వేసినప్పుడు మెడ ముందుభాగాన పైకి క్రిందికి కదిలే గట్టి భాగమే స్వరపేటిక. దానిలో ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు గల రెండు మెత్తని మడతలు ఉన్నవి. వానినే స్వరతంత్రులు అంటారు. ఊపిరి పీల్చునప్పుడు అవి విడివడతాయి. మాట్లాడదలచినప్పుడు దగ్గరపడగా, ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి వానిని త్రోసికొనిపోతుంది. అవి తెరచుకొని, వెంటనే మూసికొని, మరల తెరచుకొంటాయి. పురుషులలో ఇది సెకనుకు సుమారు 120 పర్యాయములు, స్త్రీలలో సుమారు 200 పర్యాయములు జరుగుతుంది. ఆ కంపనమే నాదం. దానిని మాటగా మలచేవి నాలుక, పెదవులు, అంగుడు.

గంటసేపు చెప్పే పాఠంలో స్వరం పలికేది సగంసేపే అనుకొన్నా, పురుషుని స్వరతంత్రులు రెండు లక్షల పర్యాయములకు పైగా ఒకదానినొకటి తాకుతాయి. రోజుకు ఆరు గంటలు చెప్పేవాని సంగతి పాఠకులే లెక్కించుకొనవచ్చును.

ఇక మ్రింగునప్పుడు ఏమవుతుంది? స్వరతంత్రులు గట్టిగా మూసికొంటాయి, వానిపైన మూత వంటి భాగం వాలుతుంది, కషాయం అన్ననాళంలోనికి పోతుంది. మిరియం, తేనె, అతిమధురం గొంతు పైభాగపు మంటను, పొడిదగ్గును తగ్గించగలవు. ఆ మేలు చిన్నది కాదు. (అతిమధురమును రక్తపోటు ఉన్నవారు రోజుల తరబడి వాడరాదు.) కాని ఆ హాయిని చూచుకొని మరల ఆరు గంటలు అరచుటయే అసలు ప్రమాదం. స్వరతంత్రుల దాకా చేరేది మనం పీల్చే ఆవిరి ఒక్కటే. చాలినంత మంచినీరు త్రాగుట లోపలి నుండి తేమనిస్తుంది.

మన ప్రాచీనులు వాక్కునకు ఉదానవాయువును కారణముగా చెప్పారు. గాలియే మూలమన్న మాట సత్యం. స్వరతంత్రుల కదలికను మాత్రం 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతోపాధ్యాయుడు దంతవైద్యుని అద్దంతో తన గొంతులోనే చూచుకొన్నాడు. అయితే రోగకారణం మనవారికి తెలియనిది కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం స్వరభేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించినది. బిగ్గరగా మాట్లాడుట, ఎడతెగని అధ్యయనం దానికి హేతువులని శాస్త్రం. గురుకులంలో శ్లోకాలు వల్లెవేసి మా గొంతులు పోయినప్పుడు మా గురువుగారు మందు ఇచ్చేవారు కారు, ఆ పూట మౌనం విధించేవారు. గుసగుసలు కూడా ఒప్పుకొనేవారు కారు. అది కూడా గొంతుకు శ్రమయే.

చుట్టూ సద్దు హెచ్చితే మనిషి తెలియకయే స్వరం పెంచుతాడు. పంజగుట్ట కూడలిలో హారన్ల నడుమ ఫోనులో మాట్లాడేవారిని చూడండి. కిటికీ ప్రక్కనే రోడ్డు, గదినిండా విద్యార్థులు, తలపైన ఏసీ పొడిగాలి, చేతిలో మైకు లేదు. ఇటువంటి గదిలో పాఠం చెప్పించేవారు బోర్డుకు, ప్రొజెక్టరుకు ఖర్చుపెట్టి, చెప్పేవాని గొంతును మాత్రం ఉచితంగా వచ్చినదిగా ఎంచుట అన్యాయం అని నా అభిప్రాయం.

మూడు వారాలు దాటినా బొంగురు తగ్గనిచో వంటింటి వైద్యం, నా వైద్యం రెండూ ఆపి గొంతు వైద్యునిచేత స్వరపేటికను చూపించుకొనవలెను. పొగ త్రాగేవారు, గుట్కా నమిలేవారు అసలు ఉపేక్షింపరాదు. అది కంతి కావచ్చును. ఊపిరాడకపోయినా, మ్రింగుట కష్టమైనా, రక్తం పడినా మూడు వారాలు కూడా ఆగరాదు.

ఆ యువకుణ్ణి అట్లే పంపాను. రెండు స్వరతంత్రులపైనా అంచున చిన్న గట్టి బుడిపెలు కనిపించినవి. శస్త్రచికిత్స ఇప్పుడే వద్దని, విశ్రాంతి, స్వరం వాడే పద్ధతిలో శిక్షణ చెప్పారు. గత నెల మళ్ళీ వచ్చాడు. స్వరం చాలావరకు తేరుకొన్నది. సంస్థవారు మైకు పెట్టించలేదట. చొక్కాకు తగిలించుకొనేది తన డబ్బుతోనే కొనుక్కొన్నాడు.